0047 నంబరుతో రెండు ఫొటోలు: మా వల్ల జరిగిన పొరపాటు

నమస్తే అండీ. పోయిన నెల మేం ఇచ్చిన ఒక పెళ్లి ఆల్బమ్‌లో పెద్ద తప్పు దొర్లింది. పెళ్లికూతురి అమ్మమ్మగారు పగలబడి నవ్వుతున్న ఫొటో రావాల్సిన చోట హాలు పైకప్పుకున్న లైటు ఫొటో వచ్చింది. పేజీ నిండా లైటే. వాళ్లు ఫోన్ చేసి "ఇదేంటండీ?" అని అడిగేదాకా నాకు తెలియదు. కూర్చుని వెతికితే అలాంటివి మొత్తం 9 తేలాయి.

ఇది అందరికీ ఎందుకు చెప్తున్నానంటే, మీరు నంబర్లు రాసి పంపుతారు, ఆ నంబర్లు పట్టుకుని మేం ఆల్బమ్ వేస్తాం. ఒక నంబరంటే ఒకే ఫొటో అని మీరూ అనుకున్నారు, ఇన్నేళ్లుగా ఈ పనిలో ఉండి నేనూ అలాగే ధీమాగా ఉన్నాను.

కెమెరా పెట్టే పేరులో నంబరుకి నాలుగు అంకెల చోటే ఉంటుంది: 0001 నుంచి 9999 దాకా. 1998లో జపాన్ ఎలక్ట్రానిక్ పరిశ్రమ సంఘం కెమెరా ఫైళ్లు, ఫోల్డర్ల పేర్లకి డీసీఎఫ్ అని ఒక నియమం పెట్టింది. అందుకే ఏ కంపెనీ కెమెరా కార్డు తెరిచినా డీసీఐఎమ్ అనే ఫోల్డర్ కనిపిస్తుంది. దాని లోపల 100 నుంచి 999 వరకు ఏదో ఒక అంకెతో మొదలయ్యే ఫోల్డర్లు, వాటిలో ఫొటోలు. ఫొటో పేరుకి ఎనిమిది అక్షరాలే. మొదటి నాలుగూ కంపెనీ ఇష్టం, తర్వాతి నాలుగూ అంకెలు. డాస్ అనే పాత కంప్యూటర్ వ్యవస్థ కాలంలో ఫైలు పేరు ఎనిమిది అక్షరాలు దాటేది కాదు, ఆ కొలతే ఇప్పటికీ నడుస్తోంది. సోనీ కెమెరాలో డీఎస్‌సీ00047 అని చూసి ఐదంకెలు ఉన్నాయనుకుంటారు కానీ, ఆ మొదటి సున్నా పేరులో భాగం, నంబరులోది కాదు.

ఆ పెళ్లికి రెండు కెమెరాలు తీసుకెళ్లాం. నా కెమెరాలో పొద్దున నంబరు 8 వేల పైచిలుకు ఉంది. సాయంత్రానికి 9999 అయిపోయింది. అప్పుడు కెమెరా 101 అని కొత్త ఫోల్డర్ తెరిచి మళ్లీ 0001 నుంచి మొదలుపెట్టింది. అమ్మమ్మగారి ఫొటో అందులో 0047. మా అబ్బాయి చేతిలో ఉన్నది అదే కంపెనీ కొత్త కెమెరా, దాని లెక్క ఆ రోజే 0001తో మొదలైంది. వెలుగు సరిచూసుకోవడానికి వాడు పైకప్పు వైపు తిప్పి కొట్టిన ఫొటో కూడా 0047.

కార్డుల్లో ఉన్నంతసేపు గొడవేమీ లేదు, దేని ఫోల్డర్ దానిదే. రాత్రి వచ్చాక పని సులువవుతుందని అన్నీ తీసి ఒకే ఫోల్డర్‌లో పోసింది నేనే. ఈ పేరుతో ఫైలు ఉంది, ఏం చేయమంటారు అని కంప్యూటర్ అడిగింది. 'రెండూ ఉంచు' నొక్కాను. 'మార్చు' అని నొక్కి ఉంటే ఒక ఫొటో పూర్తిగా పోయేది, అంతవరకు అదృష్టం. కానీ రెండో దాని పక్కన బ్రాకెట్లో ఒక 2 చేరింది, ఫొటోలు ఎంచుకోవడానికి మీకు పంపిన ప్రూఫ్ షీటులో మాత్రం ఉత్త నంబరే పడింది. ఆల్బమ్ వేసేటప్పుడు 0047 అనగానే ముందు కనిపించిన ఫైలు పెట్టేశాం. ప్రింటుకి పంపే ముందు ఒక్కసారి పేజీలు తిప్పి చూసినా దొరికేది. చూడలేదు. ఆ తప్పు కెమెరాది కాదు.

ఇదే సందర్భంలో ఇంకో మాట. "మధ్యలో మూడొందల నంబర్లు లేవు, మా ఫొటోలు మీ దగ్గరే ఉంచుకున్నారా?" అని ఆమధ్య ఒకరు గట్టిగానే అడిగారు. నాకు బాధేసింది కానీ అడగడంలో తప్పు లేదు. కళ్లు మూసుకున్నవి, కదిలిపోయినవి అక్కడికక్కడే తీసేస్తాం, ఆ నంబర్లు కెమెరా మళ్లీ వాడదు. మూడొందలు ఒకేసారి ఎగిరిపోవడానికి కారణం మాత్రం వేరు. వేరే కెమెరాలో వాడిన కార్డును ఫార్మాట్ చేయకుండా పెట్టాను. కార్డులో తనకంటే పెద్ద నంబరు కనిపించేసరికి కెమెరా అక్కడి నుంచి అందుకుంది. ఆ నంబర్లతో ఫొటోలు అసలు తీయనేలేదు.

ఇప్పుడు మార్చినవి చెప్తాను. పనికి బయల్దేరే ముందు అన్ని కెమెరాల గడియారాలూ సెకన్లతో సహా కలుపుతున్నాం. మొదటిసారి చూసినప్పుడు ఒకదానికి ఏడు నిమిషాల తేడా ఉంది! కార్డు కాపీ చేయగానే ప్రతి ఫొటోకీ తీసిన తేదీ, టైము, కెమెరా అక్షరం, పాత నంబరు వరసగా పేరులో చేరతాయి. పేరు పొడుగైంది, నిజమే. ప్రూఫ్ షీటు మీద అంత పొడుగు రాయలేం కాబట్టి అక్కడ 'ఏ0047', 'బి0047' అని ఉంటుంది. ఒకే పనిలో లెక్క 9999 దాటితే, దాటిన ఫొటోలకి వేరే అక్షరం ఇస్తాం. మీరు పంపే లిస్టులో ఆ అక్షరం తప్పకుండా రాయండి. అక్షరం లేకుండా వస్తే ఊహించి వేయం, ఫోన్ చేసి అడుగుతాం. కొంచెం చాదస్తంగా అనిపిస్తే ఓర్చుకోండి.

సొంత కెమెరా కార్డు తెచ్చి ప్రింట్లు అడిగేవాళ్లు కార్డు మీద ఉండగా ఫైళ్ల పేర్లు మార్చొద్దు. మారిస్తే కొన్ని కెమెరాలు ఆ ఫొటోలను తెర మీద చూపించవు. డీసీఐఎమ్ ఫోల్డర్‌ని ఉన్నది ఉన్నట్టు ఇవ్వండి, మిగతాది మేం చూసుకుంటాం. పేరు మొదట్లోనే అండర్‌స్కోర్ ఉంటే కంగారు పడకండి, అది అడోబ్ ఆర్‌జీబీ అనే రంగుల పద్ధతిలో తీసిన ఫొటో అని గుర్తు. అది మారిస్తే మాకే ఇబ్బంది, ప్రింటులో రంగులు వెలిసినట్టు రాకుండా చూసుకోవడానికి ఆ గుర్తు మాకు పనికొస్తుంది.

ఆ 9 పేజీలూ మా ఖర్చుతోనే మళ్లీ వేసి ఇచ్చాం. ఈ ఏడాది రెండు కెమెరాలతో చేసిన మిగతా ఆల్బమ్‌లు కూడా ఒక్కొక్కటే తీసి సరిచూస్తున్నాం, ఇంకా నాలుగు మిగిలాయి. మీ ఆల్బమ్‌లో మీరు అడగని ఫొటో ఏదైనా కనిపిస్తే మేం పిలిచేదాకా ఆగకండి, పేజీ ఫొటో తీసి పంపండి చాలు.