అప్పు సంగతి తర్వాత, ముందు బాకీ ఇప్పించండి

సంపాదకుడు గారికి నమస్కారం.

చిన్న పరిశ్రమల మీద సభ ఎక్కడ పెట్టినా మాటలన్నీ రుణాల చుట్టూనే తిరుగుతాయి. ముద్ర రుణ పథకం కింద ఎంతమందికి ఇచ్చారు, తీసుకున్నది సక్రమంగా తీర్చినవారికి పరిమితిని 10 లక్షల నుంచి 20 లక్షలకు ఎలా పెంచారు, ఈ ఏడాది బ్యాంకుల లక్ష్యం ఎంత. నేను ఒంగోలులో చిన్న చిన్న యూనిట్ల పద్దులు రాసి బతుకుతున్నవాణ్ణి. నా దగ్గరికి వచ్చే పుస్తకాలు తిరగేస్తే చాలామందికి కావాల్సింది కొత్త అప్పు కాదనిపిస్తుంది. ఎప్పుడో చేసి ఇచ్చిన పనికి రావాల్సిన డబ్బు వస్తే చాలు, వాళ్లు బ్యాంకు గడప తొక్కే అవసరం సగానికి సగం తగ్గిపోతుంది.

చీమకుర్తి గెలాక్సీ గ్రానైట్ పేరు విదేశాల్లో కూడా తెలుసు. ఆ రాయిని కోసి పాలిష్ పట్టే ఫ్యాక్టరీలను నమ్ముకుని బతికే చిన్న షెడ్ల సంగతి మాత్రం ఎవరికీ పట్టదు. గుండ్లాపల్లి గ్రోత్ సెంటర్ వైపు వెళ్తే స్లాబులు నిలబెట్టే ఇనుప స్టాండ్లు వెల్డింగ్ చేసేవాళ్లు, మోటార్లకు వైండింగ్ చేసేవాళ్లు కనిపిస్తారు. సింగరాయకొండ, కొత్తపట్నం వైపు రొయ్యల చెరువుల నీటిలో గాలి కలిపే ఏరియేటర్లు బాగుచేసేవాళ్లున్నారు. వాళ్లకు డబ్బు రొయ్యల పట్టుబడి అయ్యాకే. పట్టుబడిలో రేటు పడిపోతే ఆ తర్వాత పట్టుబడికి.

స్టాండ్లు చేసే షెడ్డు లెక్క ఒకటి చెప్తాను. 4 లక్షల సరుకు ఇచ్చాడనుకోండి. దాని మీద 18 శాతం జీఎస్టీ, 72 వేలు. డబ్బు చేతికొచ్చినా రాకపోయినా మరుసటి నెలలోనే ఆ పన్ను కట్టాలి. ఇనుము కొన్నప్పుడు కట్టిన పన్ను అందులో తగ్గుతుంది, నిజమే. కానీ అది కూడా ఇనుము కొట్టుకు అతను ముందే ఇచ్చుకున్నది. ఎటు తిప్పి లెక్కేసినా 72 వేలూ అతని జేబులోంచి పోయినవే. మరి కొన్నాయన? బిల్లు జీఎస్టీ పోర్టల్లో కనిపించగానే ఆ 72 వేలను తను కట్టాల్సిన పన్నులోంచి తగ్గించేసుకుంటాడు. 180 రోజులు దాటినా సరుకు ఇచ్చినవాడికి డబ్బు కట్టకపోతేనే దాన్ని వెనక్కి జమ చేయాలి. అంటే ఒక్క రూపాయి ఇవ్వకుండానే, చిన్నవాడు కట్టిన పన్నుతో ఆర్నెల్ల పాటు తన పన్ను తీర్చుకోవచ్చు. ఇందులో చట్టవిరుద్ధం ఏమీ లేదు. నాకు ఒళ్లు మండేది అందుకే.

ఇక బ్యాంకు. సీసీ (క్యాష్ క్రెడిట్) ఖాతా ఉన్నవాళ్లు నెలనెలా స్టాకు ఎంత, రావాల్సిన బాకీలు ఎంత అని స్టేట్‌మెంట్ ఇస్తారు. మామూలుగా 90 రోజులు దాటిన బాకీని బ్యాంకు లెక్కలోంచి తీసేస్తుంది. దాంతో డ్రాయింగ్ పవర్ పడిపోతుంది. బాకీ రాక చెయ్యి ఆడని సమయంలోనే ఖాతాలోంచి తీసుకోగలిగిన డబ్బు కూడా తగ్గిపోతుందన్నమాట. ఇందులో బ్యాంకును తప్పుపట్టలేం, ముదిరిన బాకీని చూసి ఎవరు మాత్రం అప్పిస్తారు? కాకపోతే 10 లక్షల లోపు రుణానికి చిన్న యూనిట్లను తనఖా అడగొద్దని రిజర్వు బ్యాంకు 2010లోనే చెప్పినా, ఇంటి దస్తావేజులు ఉన్నాయా అన్న ప్రశ్న ఇప్పటికీ వినపడుతూనే ఉంటుంది. అది వేరే లేఖ రాయాల్సినంత విషయం.

శనివారం కూలీల బట్వాడా మాత్రం ఆగదు. అప్పుడు డైలీ ఫైనాన్స్ వాళ్లకు ఫోన్ వెళ్తుంది. 10 వేలని రాసుకుని, వెయ్యి ముందే పట్టుకుని, 9 వేలు చేతిలో పెడతారు. రోజుకు వంద చొప్పున వంద రోజులు కట్టాలి. వెయ్యే కదా అనుకుంటాం. కానీ రోజూ వంద తీర్చేస్తుంటాం కాబట్టి ఆ 9 వేలు వంద రోజులూ మన దగ్గర ఉండవు. సరిగ్గా కడితే నూటికి నెలకు ఆరు రూపాయల పైచిలుకు వడ్డీ తేలుతుంది, ఏడాదికి 75 శాతం దాటిపోతుంది. ఎవరైనా నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే కళ్లు పెద్దవి చేసే మనవాళ్లు దీనికి కిక్కురుమనరు, ఎందుకంటే కాగితం మీద కనిపించేది వెయ్యి రూపాయలే. ఇంకొందరు సగానికి సగం వదులుకుని మొదటి నెలల్లోనే చీటీ పాడుకుంటారు. ఆ ఏడాది లాభం అక్కడే ఆవిరైపోతుంది. పైకి మాత్రం వ్యాపారం బాగానే నడుస్తున్నట్టుంటుంది, ఆర్డర్లూ ఉంటాయి.

దీనికి చట్టం లేదా అంటే, ఉంది. 2006లో వచ్చిన సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల అభివృద్ధి చట్టం ప్రకారం, సూక్ష్మ, చిన్న యూనిట్ల దగ్గర సరుకు గానీ సేవ గానీ తీసుకున్నవాడు రాసుకున్న గడువులోగా డబ్బు కట్టాలి. ఆ గడువు 45 రోజులు మించకూడదు. రాతకోతలేవీ లేకపోతే 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకు మూడు రెట్ల వడ్డీ, అదీ నెలనెలా చక్రవడ్డీ. ఇలాంటి బాకీల తగాదాలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు ఫిర్యాదు చేయొచ్చు. 2017 నుంచి సమాధాన్ పోర్టల్‌లో కూర్చున్న చోటి నుంచే దరఖాస్తు పెట్టుకోవచ్చు. కౌన్సిల్ తీర్పును కోర్టులో సవాలు చేయాలంటే బాకీదారు ముందు 75 శాతం డిపాజిట్ కట్టాలి. ఇంతకన్నా గట్టి చట్టం ఇంకేం కావాలి?

కానీ వాడేదెవరు? బాగా ముదిరిన బాకీ ఉన్న ఒకాయనకు ఇదంతా విడమరిచి చెప్తే ఆయన నన్నే అడిగాడు: "వడ్డీతో సహా వస్తది సరే సార్, వచ్చే నెల ఆర్డరు మీరిస్తారా?" నా దగ్గర జవాబు లేదు. కొనేవాళ్లు పదిమందే ఉన్న చోట, ఒకరి మీద ఫిర్యాదు చేస్తే సాయంత్రం టీ కొట్టు దగ్గరికి వచ్చేసరికి మిగతా తొమ్మిదిమందికీ తెలిసిపోతుంది. 2023 బడ్జెట్‌లో ఇంకో కొరడా తెచ్చారు. గడువు దాటిన బాకీని, అసలు డబ్బు కట్టిన ఏడాదిలోనే కొన్నవాడు తన ఆదాయపు పన్ను లెక్కలో ఖర్చుగా చూపుకోగలడు. ఇది మంచిదే, మార్చి నెలలో కొందరికి పాత బాకీలు కదిలాయి కూడా. అయితే దీన్ని తప్పించుకోవడానికి, చిన్న పరిశ్రమగా నమోదైనవాళ్లకు ఇచ్చే ఉద్యమ్ నంబరును "బిల్లు మీద వేయొద్దు" అని చెప్పే పెద్దమనుషులు కూడా తయారయ్యారు. చిన్నవాడు తల ఊపి, నంబరు తీసేసి బిల్లు కొట్టాడు.

చిన్నవాళ్ల వైపు లోపాలు లేవని నేననను. ఆర్డరు ఫోన్లో, రేటు నోటిమాట, సరుకు దించినప్పుడు చలానా మీద సంతకం ఉండదు. రేపు కౌన్సిల్ ముందు ఏం చూపిస్తారు? ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కు పైసా ఖర్చు లేదు, ఆధార్, పాన్ చాలు. అయినా బాకీ పీకల మీదికి వచ్చాకే పరుగెత్తుకొస్తారు. సరుకు ఇచ్చేనాటికే అది చేతిలో ఉండాలి. ఇంకో మెలిక ఏమిటంటే, కొని అమ్మే దుకాణాలకు ఉద్యమ్ నంబరు ఇస్తున్నారు గానీ, దాంతో ఒరిగేది బ్యాంకుల ప్రాధాన్యతా రంగ రుణమే, ఈ 45 రోజుల రక్షణ వాళ్లకు లేదు. స్టాండ్ల షెడ్డుకు ఇనుము అరువిచ్చిన కొట్టువాడు ఎవరికి చెప్పుకోవాలి?

ప్రైవేటు వాళ్లను మాత్రమే అని లాభం లేదు. ప్రభుత్వ కార్యాలయాలకు ప్రింటింగ్ చేసినవాళ్లు, కార్లు అద్దెకు పెట్టినవాళ్లు, టెంట్లు, భోజనాలు సమకూర్చినవాళ్లు ప్రతి మండలంలో ఉన్నారు. "బిల్లు పెట్టేశాం, సీఎఫ్‌ఎంఎస్‌లో ఉంది" అని ప్రభుత్వ చెల్లింపుల ఆన్‌లైన్ వ్యవస్థ పేరు చెప్పే జవాబు వినని చిన్న కాంట్రాక్టరును నేనింతవరకు చూడలేదు. 2006 చట్టం ప్రభుత్వ శాఖలకు కూడా వర్తిస్తుంది. పెద్దవాళ్లతో టైముకు కట్టించాల్సిన ప్రభుత్వమే బాకీదారైతే మిగతావాళ్లకు భయమెందుకుంటుంది?

కంపెనీలు 45 రోజులు దాటిన బాకీల వివరాలు ఏడాదికి రెండుసార్లు కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖకు ఇవ్వాలన్న నిబంధన 2019 నుంచి ఉంది. మన దగ్గర కొనుగోలుదారుల్లో ఎక్కువమంది భాగస్వామ్య సంస్థలు, సొంత యజమానులు. వాళ్లకు అదీ లేదు. అందుకే నా విన్నపం జిల్లా యంత్రాంగానికి. కలెక్టర్ అధ్యక్షతన పరిశ్రమలు, ఎగుమతుల ప్రోత్సాహక కమిటీ సమావేశాలు జరుగుతుంటాయి. అక్కడ రాయితీలు, అనుమతుల సమీక్షతో పాటు బాకీల పద్దు కూడా ఒకటి పెట్టాలి. ముందు ప్రభుత్వ శాఖలవి: ఏ కార్యాలయం ఎవరికి, ఎప్పటి నుంచి, ఎంత బాకీ. ఆ తర్వాత ప్రైవేటువి. చిన్నవాడి పేరు బయటపడకుండా, అసోసియేషన్ల ద్వారా జాబితా తీసుకుని, జిల్లా పరిశ్రమల కేంద్రమే తన లెటర్‌హెడ్ మీద కొన్నవాళ్లకు గడువు గుర్తుచేస్తూ ఉత్తరం రాయొచ్చు. ఒకరికి కాకుండా గ్రోత్ సెంటర్‌లో కొనేవాళ్లందరికీ ఒకేసారి పంపితే ఎవరు ఫిర్యాదు చేశారన్న ఆరా తీయడానికి వీలుండదు. దీనికి కొత్త చట్టం అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు. తపాలా ఖర్చులు చాలు.

– ఒక పద్దుల గుమాస్తా, ఒంగోలు