బాబాయి నర్సరీకి మెయిల్స్ మళ్లీ వస్తున్నాయి: ముగ్గురికి కృతజ్ఞతలు

కడియంలో మా బాబాయి నర్సరీకి మొన్న గురువారం రాత్రి పదకొండున్నరకి పుణెలో మొక్కలు కొనే ఒకాయన నుంచి ఒక మెయిల్ వచ్చింది. నందివర్ధనం, ఎర్ర గన్నేరు, అరెకా పామ్‌ల ఆర్డరు. అదే మెయిల్ ఆయన అప్పటికే మూడుసార్లు పంపితే మూడుసార్లూ తిరిగెళ్లిపోయింది. నాలుగోసారి చేరిందంటే అందులో నా ప్రయోజకత్వం ఏమీ లేదు, ముగ్గురి పుణ్యం. పేర్లు రాయొద్దన్నారు కాబట్టి రాయడం లేదు.

నర్సరీ మెయిల్ సర్వర్ చూసేది నేనే. అద్దె సర్వర్, దాని మీద మెయిల్స్ అందుకుని పంపే పోస్ట్‌ఫిక్స్ అనే సాఫ్ట్‌వేర్. సరిగ్గా వానలు పడి మొక్కల లోడ్లు కదిలే రోజుల్లో కొందరి మెయిల్స్ రావడం ఆగిపోయింది. అందరివీ ఆగితే నయం, ఎక్కడుందో తెలిసేది. నేను పరీక్షగా పంపితే వస్తుంది, బెంగళూరు వాళ్లది వస్తుంది, పుణె ఆయనది రాదు. "ఏరా, దీనికి సీజన్‌లోనే జబ్బు చేయాలా?" అని బాబాయి పొద్దునా సాయంత్రమూ ఫోన్. స్పామ్ ఫోల్డర్ చూశాను, డిస్క్ నిండిందేమో చూశాను, డీఎన్‌ఎస్‌లో ఎంఎక్స్ రికార్డు (మా పేరుకి వచ్చే మెయిల్ ఏ సర్వర్‌కి చేరాలో చెప్పే నమోదు) చూశాను. లాగ్‌లో, అంటే సర్వర్ తన పనులన్నీ రాసుకునే చిట్టాలో, పుణె ఆయన అడ్రస్ కొట్టి వెతికితే ఒక్క లైను లేదు. "మీ మెయిల్ మా దాకా రాలేదండీ, మీ వైపే ఏదో ఉంది" అని ఆయనకే ధీమాగా చెప్పాను కూడా. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తోంది.

మొదటి కృతజ్ఞత ఆయనకే. నా మాటకి విసుక్కోకుండా, తిరిగొచ్చిన మెయిల్‌ని ఫోటో తీసి వాట్సాప్‌లో పెట్టాడు. సగం తెగిపోయిన ఫోటోనే, కానీ 554 5.7.1 అన్న అంకెలూ, పంపినవారి అడ్రస్‌ని తిరస్కరించామన్న మాటా కనిపించాయి. తిరస్కరించింది మా సర్వరే.

రెండో ఆయన టెలికాం శాఖలో చేసి రిటైరై రాజమండ్రిలో ఉంటున్న పెద్దాయన. ఫోటో చూసి ఒక్కటే అడిగారు: "లాగ్‌లో పంపినవాడి పేరు వెతికావా, అందుకునేవాడి పేరు వెతికావా?" బాబాయి అడ్రస్‌తో, రిజెక్ట్ అన్న మాటతో వెతికితే తొమ్మిది రోజుల్లో 43 లైన్లు బయటపడ్డాయి. పుణె ఆయన వాటిలోనే ఉన్నాడు, వేషం మార్చుకుని. ఎస్‌ఆర్‌ఎస్0 అని మొదలై, ఒక = గుర్తు, నాలుగు పిచ్చి అక్షరాలు, మళ్లీ =, ఇంకో రెండు అక్షరాలు, ఇంకో =, ఆయన డొమైన్ ముందు, పేరు వెనక, చివర @ తర్వాత మా పాత హోస్టింగ్ పేరు. ఇక మామూలు అడ్రస్ కొట్టి వెతికితే ఎలా దొరుకుతుంది?

సంగతేమిటంటే, బాబాయి విజిటింగ్ కార్డుల మీద ఇంకా పాత అడ్రసే ఉంది. దానికొచ్చినవి కొత్త సర్వర్‌కి ఫార్వర్డ్ అవుతాయి. ఏ డొమైన్ పేరుతో ఏ సర్వర్ మెయిల్ పంపొచ్చో చూసే ఎస్‌పీఎఫ్ తనిఖీలో ఇలాంటి ఫార్వర్డ్ మెయిల్స్ దెబ్బతింటాయి, మధ్యలోని సర్వర్‌కి ఆ డొమైన్ పేరుతో పంపే అనుమతి ఉండదు కాబట్టి. అందుకని మధ్యలోని సర్వర్ కవరు మీది పేరు తీసి తన పేరు రాస్తుంది. అదే ఎస్‌ఆర్‌ఎస్. లోపలి ఉత్తరంలో సంతకం మారదు. మన స్క్రీన్ మీద కనిపించేది లోపలి పేరు, సర్వర్ గుమ్మంలో చూసేది కవరు. పాత హోస్టింగ్ వాళ్లు ఈమధ్యే ఇది మొదలుపెట్టారు.

మరి = ఉంటే మా సర్వర్‌కి వచ్చిన నొప్పేమిటి? రెండేళ్ల కిందట స్పామ్ వరదలా వస్తుంటే ఒక రాత్రి ఎవరో ఒక లైను రాశారు: పంపినవారి అడ్రస్‌లో అక్షరాలు, అంకెలు, చుక్క, అడ్డగీతలు తప్ప ఇంకేమున్నా వెనక్కి పంపు అని. ఆ ఎవరో నేనే. రాసి మర్చిపోయాను. =, +, ' లాంటివి అడ్రస్‌లో ఉండొచ్చని 1982 నాటి ఈమెయిల్ నియమాల పత్రం ఆర్‌ఎఫ్‌సీ 822 నుంచీ ఉందని పెద్దాయన చెబితే నోట మాట రాలేదు. డిసౌజా లాంటి ఇంటిపేరుని ఇంగ్లీషులో ' పెట్టి అడ్రస్‌లో రాసుకున్నవాళ్లని రెండేళ్లుగా గుమ్మంలోంచే పంపేశానన్నమాట.

మూడో మనిషి డాలస్‌లో ఉండే మా అక్క కూతురు. లంచ్ మానేసి +తో, =తో, 'తో ఒక్కో పరీక్ష మెయిల్ పంపింది. నేను = ఒక్కటీ కలిపేసి చేతులు దులుపుకోబోతుంటే, "మావయ్యా, ఆ లైనే తీసెయ్. మెయిల్ చేరలేదని తిరిగొచ్చే బౌన్స్ కబుర్లకి కవరు మీద పంపినవాడి చోటు ఖాళీగా ఉంటుంది, వాటినీ ఆపేస్తున్నావు" అంది. నిజమే. తీసేసి, డొమైన్ అసలు ఉందో లేదో చూసే నిబంధన పెట్టుకున్నాను. స్పామ్ సంగతి ఆర్‌స్పామ్‌డీ అనే స్పామ్ వడపోత సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది. "రేపు .భారత్ డొమైన్ మీద తెలుగు అక్షరాల అడ్రస్‌తో ఎవరైనా రాస్తే?" అని కూడా అడిగింది. పోస్ట్‌ఫిక్స్‌కి 2015లో వచ్చిన 3.0 నుంచీ అది చేతనవుతుంది. అడ్డం పడింది నా లైనే.

ఒక బ్యాంకు స్టేట్‌మెంట్లు మాత్రం ఇంకా రావడం లేదు. అన్నిసార్లు వెనక్కెళ్లేసరికి వాళ్ల సిస్టమ్ మా అడ్రస్‌ని పక్కన పెట్టేసిందట, బ్రాంచికి వెళ్లి మళ్లీ నమోదు చేయించాలి. పెద్దాయన ఇంటికి బాబాయి సంపంగి మొక్క పంపాడు. ఈ నెలలో నర్సరీకి మెయిల్ పెట్టి తిరిగొచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే దయచేసి ఇంకోసారి పంపండి. కార్డులు మార్చమంటే బాబాయి "ఇంకా మూడు వందలు మిగిలాయిరా" అంటున్నాడు.