బ్రాంచి మార్చే ఫారం నింపేముందు ఒకసారి చదువు బుజ్జీ

బుజ్జీ,

నిన్న రాత్రి నువ్వు ఫోన్ పెట్టేశాక నాకు నిద్ర పట్టలేదే. ఫోన్‌లో అయితే నువ్వు ఏడుస్తావు, నేను కంగారు పడతా, అసలు మాట పక్కకి పోద్ది, అందుకే డ్యూటీ నుంచి రాగానే అన్నం కూడా తినకుండా కూర్చుని టైప్ చేస్తన్నా, ఓపిగ్గా మొత్తం చదువు.

సీజీపీఏ బాగుంది కాబట్టి ఫస్ట్ ఇయర్ అవ్వగానే బయోమెడికల్ ఇంజనీరింగ్ నుంచి సీఎస్ఈకి (కంప్యూటర్ సైన్స్) మారొచ్చు అన్నావు, శుక్రవారం లోపు ఫారం ఇవ్వాలన్నావు. మీ పెద్దనాన్న ఈ వారంలో మూడుసార్లు ఫోన్ చేశారు, అటు డాక్టరూ కాదు ఇటు ఇంజనీరూ కాదు, రెంటికీ చెడ్డ రేవడి అవుద్ది పిల్ల, ఇప్పుడన్నా మార్పించండి అని. మీ నాన్న యార్డుకి తెల్లారకుండా పోయి మిర్చి ఘాటుకి కళ్ళు ఎర్రగా చేసుకుని రాత్రికి వస్తన్నారు, సీజన్ కదా, ఆయన ఒక్కటే అన్నారు, "దానికి ఏది ఇష్టమైతే అది, కానీ వాళ్ళమ్మ రోజూ ఆ డయాలసిస్ మెషీన్ల మధ్యే కదా ఉండేది, ఒకసారి దాంతో మాట్లాడమను" అని. అందుకే ఇది.

నీకు ఎప్పుడూ చెప్పని ఒక సంగతి చెప్తా. నువ్వు నాలుగో క్లాసులో ఉన్నప్పుడు నేను వేరే డయాలసిస్ యూనిట్‌లో, కిడ్నీలు పనిచెయ్యని వాళ్ళ రక్తం మెషీన్‌తో శుభ్రం చేసే చోట, చేసేదాన్ని, గుర్తుందా, రాత్రి పదకొండింటికి మీ నాన్న బండేసుకుని నన్ను తీసుకెళ్ళడానికి వచ్చేవాళ్ళు. ఒకరోజు సాయంత్రం షిఫ్టులో ఒకేసారి ముగ్గురికి చలి వణుకు పట్టుకుంది. దుప్పట్లు కప్పాం, ఇంజెక్షన్లు ఇచ్చాం, తగ్గింది. మళ్ళీ రెండు రోజులకి ఇంకో ఇద్దరికి. డాక్టరుగారు ఇన్‌ఫెక్షన్ అనుకుని బ్లడ్ కల్చర్లు పంపించారు, ఏమీ రాలేదు. మెషీన్ కంపెనీ అతను వచ్చి బోర్డులు చూసి కండక్టివిటీ బాగుంది, టెంపరేచర్ బాగుంది, మెషీన్‌లో ఏ ప్రాబ్లమ్ లేదు మేడం అని సంతకం పెట్టించుకుని వెళ్ళిపోయాడు. మెషీన్లకి వెళ్ళే నీళ్ళు శుద్ధి చేసే ఆర్ఓ ప్లాంటు అతను టీడీఎస్ మీటరు పెట్టి చూపించాడు, నీళ్ళు అద్దంలా ఉన్నాయి అన్నాడు. అందరూ కరెక్టే చెప్పారు బుజ్జీ, ఒక్కరు కూడా అబద్ధం చెప్పలేదు. వణుకు మాత్రం ఆగలేదు. ఆ పదిరోజులూ పేషెంట్‌ని మెషీన్‌కి పెట్టాలంటే నా చేతులు వణికేవి. అందులో ఒక మామ్మగారు ఉండేది, నా చెయ్యి పట్టుకుని "ఈరోజు కూడా చలి వస్తదా అమ్మా" అని అడిగేది, ఏం చెప్పాలో తెలిసేది కాదు.

అప్పుడొచ్చింది ఒక అమ్మాయి. కొత్త మెషీన్ ఇన్‌స్టాల్ చెయ్యడానికి మద్రాసు నుంచి వచ్చింది, బయోమెడికల్ చదివిందంట, ఇప్పటి నీకంటే ఓ ఐదారేళ్ళు పెద్దదేమో. ఆ పిల్ల పని అది కాదు, కానీ మేం మాట్లాడుకునేది విని మూడు ప్రశ్నలు అడిగింది. మెషీన్‌కి పెట్టిన ఎంతసేపటికి వణుకు మొదలవుతుంది? ఏ బెడ్ల వాళ్ళకి? జ్వరం డయాలసిస్‌కి ముందు ఉందా, తర్వాత వచ్చిందా? నేను షీట్లన్నీ తీసి చూపించా. అన్నీ చివరి గోడ వైపు బెడ్లే. మాకెవరికీ తట్టలేదు చూడు. తను అక్కడి నుంచి పైపు పట్టుకుని గోడెంట నడుచుకుంటా వెళ్ళింది. ఆ మూల ఇదివరకు ఒక మెషీన్ ఉండేది, తీసేసి పైపుకి మూత బిగించి వదిలేశారు. ఆ ముక్కలో నీళ్ళు కదలవు, నిలవ ఉన్న చోట పైపు లోపల బాక్టీరియా జిగురులాగా పట్టి పెరుగుతుంది, అది విడిచే ఎండోటాక్సిన్ అనే విషం రక్తం వైపు చేరితే చలి జ్వరం వస్తుంది, టీడీఎస్ మీటరుకి ఉప్పులే తెలుస్తాయి గానీ ఇది తెలియదు అని చెప్పింది. నీళ్ళు పరీక్షకి పంపితే అదే వచ్చింది. ఆ పైపు ముక్క కోయించి లైన్ మొత్తం డిస్ఇన్ఫెక్ట్ చేశాక ఒక్కరికి కూడా వణుకు రాలేదు. ఆ మామ్మగారు మనవరాలి పెళ్ళి చూసుకుంది.

డాక్టరుకి ఒళ్ళు తెలుసు, కంపెనీ అతనికి బోర్డు తెలుసు, ఆర్ఓ అతనికి నీళ్ళు తెలుసు. ఆ మూడిటి మధ్యలో జరిగేది చూడగలిగింది ఆ పిల్ల ఒక్కతే. నువ్వు ఎంసెట్ ర్యాంకు వచ్చాక ఈ బ్రాంచి పెట్టుకుంటా అన్నప్పుడు నేను ఎందుకు ఒక్క మాట కూడా అడ్డం చెప్పలేదో ఇప్పుడు అర్థమైందా. నాకు ఆ పిల్లే గుర్తొచ్చింది.

ఒక పేషెంట్‌కి నాలుగు గంటల డయాలసిస్ అంటే మెషీన్‌లో నిమిషానికి 500 మిల్లీలీటర్లు, మొత్తం 120 లీటర్ల నీళ్ళు. వారానికి మూడుసార్లు. ఆ నీళ్ళకీ మనిషి రక్తానికీ మధ్య అడ్డం ఉండేది రక్తాన్ని వడకట్టే డయలైజర్‌లోని వేల వేల గొట్టాల పల్చటి గోడ, ఒక్కో గొట్టం లోపలి వెడల్పు రెండు వందల మైక్రాన్లు, అంటే మిల్లీమీటరులో ఐదో వంతు. ఇరవై రెండేళ్ళుగా నేను వాటికి ప్రైమింగ్ చేస్తన్నా, లైన్లు కలుపుతున్నా, అలారాలు ఆపుతున్నా, కానీ ఆ గోడ ఎందుకు అలా చేశారు, ఇంకా బాగా చెయ్యొచ్చా అంటే నాకు తెలియదు.

నైట్ డ్యూటీల్లో ఖాళీ దొరికితే దీని గురించే చదువుతుంటా. నిజంగా పనికొచ్చిన మొదటి డయాలసిస్ మెషీన్ 1943లో హాలండ్‌లో కోల్ఫ్ అని ఒక డాక్టరు చేశాడంట, యుద్ధం జరుగుతుండగా, సాసేజ్‌లకి వాడే సెల్లోఫేన్ గొట్టాన్ని డ్రమ్ముకి చుట్టి. ఆయన ఒక్కడే చెయ్యలేదు, ఆ ఊళ్ళో ఎనామెల్ గిన్నెల ఫ్యాక్టరీ నడిపే బెర్క్ అనే ఆయన సాయం పట్టాడు. మొదటి పదహారు మందిలో దాదాపు ఎవరూ దక్కలేదు, 1945లో పదిహేడో పేషెంట్, 67 ఏళ్ళ ఆవిడ, బతికింది. ఆ తర్వాత కూడా చాన్నాళ్ళు ప్రతిసారీ కొత్త రక్తనాళం కోయాల్సిందే, నాలుగైదు సార్లకి నాళాలు అయిపోయేవి. 1960లో సియాటిల్‌లో స్క్రిబ్నర్ అనే డాక్టరు, క్వింటన్ అనే ఇంజనీరు కలిసి చేతిలో ఉంచేసే టెఫ్లాన్ గొట్టం చేశారు, దాంతో మొదటి పేషెంట్ పదకొండేళ్ళు బతికాడు. మన దగ్గర తిరువనంతపురం శ్రీచిత్రా సంస్థలో గుండె వాల్వు చేసినప్పుడు కూడా అంతే, మూడు మోడళ్ళు ఫెయిలయ్యి నాలుగోది నిలబడింది, 1990లో మొదటి పేషెంట్‌కి పెట్టారు, ఇప్పటికి లక్ష దాటాయి. ఎక్కడ చూసినా ఒక డాక్టరు, ఒక ఇంజనీరు పక్కపక్కనే ఉన్నారే.

ఇంక మీ పెద్దనాన్న చెప్పేదాంట్లో నిజం లేదని నేను అనను. నిజమే, నాలుగేళ్ళు అవ్వగానే సీఎస్ఈ వాళ్ళకి వచ్చినన్ని ఉద్యోగాలు ఈ బ్రాంచికి రావు. చాలామంది ఎంటెక్ చేస్తే గానీ మంచి పని దొరకదంటన్నారు, కొంతమంది చివరికి సాఫ్ట్‌వేర్‌కే పోతన్నారు. ఇది తెలిసి ఉండు. నేనూ నాన్నా ఇంకో రెండేళ్ళు చదివించగలం, ఆ లెక్క మేం వేసుకున్నాం, దాని గురించి నువ్వు భయపడొద్దు. ఎంటెక్ ఎంట్రన్స్ గేట్‌లో 2020 నుంచి బయోమెడికల్‌కి విడిగా పేపరు పెట్టారు, ఐఐటీ హైదరాబాద్‌లో ఆ డిపార్ట్‌మెంటు ఉంది. వైజాగ్ మెడ్‌టెక్ జోన్‌లో పరికరాలు తయారు చేసే కంపెనీలు ఉన్నాయి, సెకండ్ ఇయర్ సెలవుల్లో అక్కడ ఇంటర్న్‌షిప్‌కి ఇప్పటి నుంచే అడుగు, మీ పిన్ని వాళ్ళింట్లో ఉండొచ్చు.

కానీ ఒకటి మాత్రం గట్టిగా చెప్తా. అన్నీ కొంచెం కొంచెం తెలిసి వదిలేస్తే పెద్దనాన్న మాటే నిజమవుద్ది. ఏదో ఒక కాలు గట్టిగా నేల మీద ఉండాలి. ఎలక్ట్రానిక్సో, సిగ్నల్సో, మెటీరియల్సో, కోడింగో, నీ ఇష్టం, ఒకదాంట్లో మాత్రం ఆ బ్రాంచి పిల్లలతో సమానంగా ఉండు. ఫిజియాలజీ బట్టీ పట్టకు, మన యూనిట్‌కి వచ్చి కూర్చో, డయాలసిస్ కోసం చేతిలో రక్తనాళాలు కలిపి చేసే ఫిస్టులా మీద వేలు పెట్టి చూడు, లోపల రక్తం జుయ్‌మని పోయేది వేలికి తెలుస్తుంది.

ఇంతా చెప్పి, మారాలని ఉంటే మారు బుజ్జీ. నేను కోప్పడను, నాన్న అసలే అనరు. కాకపోతే పక్క రూమ్ పిల్లలు ఏమన్నారనో, పెద్దనాన్న ఏమన్నారనో మారకు. మేథ్స్ కష్టంగా ఉందని మారతానంటే అక్కడా మేథ్సే. ప్రోగ్రామింగ్ నిజంగా ఇష్టమై రాత్రుళ్ళు అదే చేస్తన్నావంటే అది వేరే సంగతి, అప్పుడు నాకు చెప్పు, నేనే పెద్దనాన్నకి ఫోన్ చేస్తా.

సంక్రాంతికి వచ్చినప్పుడు గుర్తుందా, నా షీట్‌లో డయాలసిస్ సరిపోయిందో లేదో చెప్పే అంకె, కేటీ బై వి అని చూసి అడిగావు. మేం ప్రతి నెలా రాస్తాం, 1.2 దాటాలి అంటారు, దాటకపోతే టైం పెంచుతారు, ఇంతే నాకు తెలిసింది. నువ్వు కె అంటే నిమిషానికి శుభ్రమయ్యే రక్తం, టి అంటే టైం, వి అంటే ఒంట్లో ఉన్న నీళ్ళు అని చెప్పి, పేపరు వెనకాల లాగ్ ఏదో వేసి ఇది మా మేథ్స్ బుక్‌లో ఉన్న ఈక్వేషనే అమ్మా అన్నావు. ఎంత సంతోషంగా చెప్పావో. అంతలో అత్తయ్య వాళ్ళొచ్చి సగంలో ఆగిపోయింది. ఆ పేపరు నా డ్యూటీ బ్యాగులోనే ఉంది.

ఆదివారం నాకు మార్నింగ్ షిఫ్ట్, మూడింటికి ఇంటికొచ్చేస్తా. ఫారం ఇచ్చావో లేదో తర్వాత చెబుదువు గానీ, ముందు ఆ మిగిలిన సగం నాకు చెప్పు. గోంగూర పచ్చడి, కారప్పొడి బస్సులో పంపించా, రేపు సాయంత్రానికి వస్తాయి.

అమ్మ
గుంటూరు