మోకాలి కదలికను డిగ్రీల్లో రాయాలి

సంపాదకులకు,

మోకీలు మార్పిడి శస్త్రచికిత్సలపై పత్రికల్లో విరివిగా రాస్తున్నారు గాని, ఆ తరువాత సాగే ఫిజియోథెరపీలో కీలు ఎంత వంగుతోందో, ఎంత చాచుకుంటోందో కొలవడం గురించిన ప్రస్తావన అరుదు. ఈ వృత్తిలో ఉన్న నా దగ్గరికి ఇతర ఊళ్ల నుంచి వచ్చేవారి చీటీల్లో చాలావరకు "కదలిక మెరుగైంది" అన్న మాటే తప్ప డిగ్రీలు కనబడవు. ఎంత నుంచి ఎంతకు మెరుగైందో తెలియనిదే వ్యాయామం పెంచాలా, సర్జన్‌కు మళ్లీ చూపించాలా అన్నది తేల్చలేం.

కొలిచే గోనియోమీటరు పెద్ద యంత్రమేమీ కాదు. రెండు చేతులున్న ప్లాస్టిక్ కోణమానిని. రోగిని వెల్లకిలా పడుకోబెట్టి, దాని ఇరుసును మోకాలి బయటివైపు ఎముక ఉబ్బు మీద ఆనించి, ఒక చేతిని తొడ వెంబడి తుంటి పక్క ఎముక వైపు, రెండోదాన్ని బయటి చీలమండ వైపు తిప్పితే కోణం తెలిసిపోతుంది. చీర మీదుగానో ప్యాంటు మీదుగానో పెడితే మాత్రం ఎముక గుర్తులు సరిగా దొరకవు.

రోగి తనంతట తాను కదిలించినది, మనం చేత్తో కదిలించినది వేర్వేరుగా రాయాలి. మనం చాపితే పూర్తిగా చాచుకునే కాలు తనంతట తాను చాచుకోలేకపోతే, లోపం సాధారణంగా కీలుది కాదు, తొడ ముందు కండరానిది. ఇంటివాళ్లు వంగడం గురించే అడుగుతారు. హాయిగా ఉంటుందని మోకాలి కింద దిండు పెట్టి పడుకోబెడతారు. దానివల్ల కాలు పూర్తిగా చాచుకోకుండా పోతున్నా ఎవరూ గమనించరు. నడకలో కుంటు మిగిలేది అక్కడే.

చదును నేల మీద నడకకు దాదాపు 60 నుంచి 70 డిగ్రీలు వంగితే చాలు, కుర్చీలోంచి లేవడానికి 90 దాటాలి, గొంతుక్కూర్చోవడానికి 120 పైనే కావాలి. అంకె తెలిస్తే ఏ పని ఆశించవచ్చో రోగికి ముందే చెప్పవచ్చు. అయితే కొలిచే మనిషి మారితే 5 డిగ్రీల తేడా సహజంగానే రావచ్చు కాబట్టి, వీలైనంతవరకు ఒకరే, ఒకే భంగిమలో కొలవడం మంచిది.

డిశ్చార్జి పత్రంలోనూ, ప్రతి ఫిజియోథెరపీ చీటీలోనూ తేదీ, భంగిమ, రోగి తనంతట తాను కదిలించినది, మనం చేత్తో కదిలించినది అనే రెండు రకాల కొలతలు రాయడం తప్పనిసరి చేయాలని ఉభయ తెలుగు రాష్ట్రాల వైద్యారోగ్య శాఖలను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక ఫిజియోథెరపిస్టు, గుంటూరు