నల్లబల్ల మీది చేప

హనుమకొండ,
ఆదివారం రాత్రి

ప్రియమైన సర్పంచి గారికి,

చెరువుకట్ట మీద ఒక్క ఓటుతో, అదీ నా ఓటుతోనే గెలిచిన పదవి కనుక, మస్కట్ వెళ్లినా నీకు ఆ మర్యాద తప్పదు. దసరాకు ముందు నువ్వు రాసిన ఉత్తరానికి సంక్రాంతి వెళ్లిపోయాక జవాబు రాస్తున్నాను. క్షమించమని అడగడానికి కూడా ముఖం చెల్లడం లేదు. ఇక్కడ అందరూ క్షేమం. అమ్మ మోకాళ్ల నొప్పులు ఎప్పటిలాగే ఉన్నాయి, చిన్నదానికి మార్చిలో పరీక్షలు, మీ నాన్నగారు మొన్న కలిశారు, మాత్రలు వేళకు వేసుకుంటున్నారు. పక్కింటి అబ్బాయి ఈ రాత్రికే మీ ఊరికి విమానం ఎక్కుతున్నాడు. అతని సంచిలో పచ్చడి సీసా పక్కన ఈ ఉత్తరానికి చోటు అడిగాను కాబట్టి, కారు వచ్చేలోగా అసలు సంగతి చెప్పేయాలి.

నేను సముద్రంలో చేపలు పట్టాను.

నవ్వకు. బొచ్చె పిల్లను కూడా గట్టుకు లాగలేక గాలం కర్రతో సహా నీళ్లలో పడ్డవాడినేనని నాకు గుర్తుంది. మా సడ్డకుడికి భీమునిపట్నం బదిలీ అయిందని నీకు చెప్పాను కదా. పండుగ సెలవులకు వరంగల్లులో గోదావరి ఎక్స్‌ప్రెస్ ఎక్కి వెళ్లాము. వాళ్ల వీధి చివర ఉండే ఒక ముసలాయన తన ఫైబరు పడవలో వేటకు వెళుతూ, చూడాలని ఉంటే రమ్మన్నాడు. చీకటితోనే బయలుదేరాము. ఒడ్డున చలికి తలకు తువ్వాలు చుట్టుకున్న నేను, పడవ అంచు మీదుగా చెయ్యి జారవిడిస్తే సముద్రపు నీళ్లు నులివెచ్చగా తగిలాయి. ఇదే నెలలో తెల్లవారుజామున మన చెరువులో కాలు పెడితే ఎముకలు కొరికినట్లుంటుంది కదా, ఇక్కడ స్నానానికి కాచిపెట్టిన నీళ్లు చల్లారినట్లుగా ఉన్నాయి.

మొదటి గంట గురించి ఎక్కువ రాయను. కడుపులో ఉన్నదంతా సముద్రానికి సమర్పించుకున్నాను. ముసలాయన నావైపు చూడకుండానే, పడవలోకి కాకుండా ఒడ్డు కొండవైపు చూస్తూ కూర్చోమన్నాడు. నిజంగానే ఆ ఉపాయంతో కొంత కుదుటపడ్డాను. ఇంతలో కొంచెం దూరంలో నీళ్లు ఉడుకుతున్నట్లు కనిపించాయి. గాలి లేదు, అల లేదు, కానీ పెద్ద చాప పరిచినంత మేర సన్నటి వాన పడుతున్నట్లు పైనీరంతా చిటపటలాడుతోంది, దాని మీద పక్షులు తిరుగుతున్నాయి. ముసలాయన ఇంజను ఆపి, మెల్లగా, పక్కింట్లో ఎవరో నిద్రపోతున్నట్లు, “కానాగంతలు బాబూ” అన్నాడు.

నా చేతికి ఇచ్చిన సరంజామా చూస్తే నువ్వు నమ్మవు. కర్ర లేదు, బెండు లేదు, ఎర్ర లేదు. ఒకే తీగకు వరుసగా పన్నెండు చిన్న గాలాలు, ఒక్కొక్కదానికి మెరిసే దారపు పోచ, అడుగున సీసపు గుండు, అంతే. ఆ మెరుపు చూసి చిన్న నెత్తళ్లని భ్రమపడి మింగుతాయట. నాలుగు బారలు వదిలానో లేదో, తీగ చేతిలో ఝుమ్మని వణికింది. మన బొచ్చె లాగినట్లు బరువుగా లాగడం కాదు, కుట్టుమిషను సూది కింద వేలు పెట్టినట్లు, ఆగకుండా, అతి వేగంగా. పైకి లాగితే ఒకటి కాదు, అయిదు! జానెడు పొడవు, నీలాకుపచ్చ వీపు మీద నల్లటి గీతలు, వెండి పొట్ట, ప్రాణం ఉన్నంతసేపు పక్కలకు ఒక పసుపు బంగారపు ఛాయ. పడవ అడుగున పడి, బోనాల్లో డప్పు దరువులా తోకలతో వాయించాయి. ఒక గాలం నా చొక్కాకు తగులుకుని, ఇంకొకటి తువ్వాలుకు గుచ్చుకుని, నన్ను విడదీయడానికే ముసలాయనకు పావుగంట పట్టింది. ఆ రోజు మత్తడి దగ్గర నీ చెప్పులకు అయినట్లే... వద్దులే, ఆ సంగతి మీ ఆవిడ చదివితే బాగుండదు.

అసలు విషయం ఇంకా రానేలేదు. ఒక చేప మొప్ప ఎత్తి చూశాను. లోపల దువ్వెన పళ్లలా సన్నటి, పొడుగాటి పోచలు. నీళ్లలోని సూక్ష్మజీవులను వడగట్టుకునే జల్లెడ అది. చూడగానే ఒళ్లు జలదరించింది. ఈ బొమ్మను నేను పంతొమ్మిది సంవత్సరాలుగా నల్లబల్ల మీద గీస్తున్నాను! దీని శాస్త్రీయ నామం రాస్ట్రెల్లిగర్ కనగుర్తా. మొదటి మాటకు లాటిన్‌లో చిన్న గొర్రును మోసేదని అర్థం, అది ఈ మొప్పల పోచలను బట్టి వచ్చిందని పిల్లలకు చెబుతాను. రెండో మాట ఏమిటని ఏ పిల్లవాడైనా అడిగితే, అదీ లాటినే, నోరు మూసుకుని రాసుకో అనేవాడిని. కనగుర్తా, కానాగంత. రెండు మూడుసార్లు పైకే అనుకున్నాను. ముసలాయన నాకు మళ్లీ కడుపులో తిప్పుతోందనుకుని మంచినీళ్ల సీసా అందించాడు.

ఇంటికి వచ్చి కాలేజీ గ్రంథాలయంలో వెతికాను. పాట్రిక్ రస్సెల్ అనే స్కాట్లాండు వైద్యుడు ఈస్టిండియా కంపెనీ రోజుల్లో విశాఖపట్నంలో ఉండి, అక్కడి చేపలు రెండు వందలకు బొమ్మలు వేయించి, స్థానికులు పిలిచే పేర్లతోనే 1803లో లండన్‌లో అచ్చువేయించాడు. వాటిలో కనగుర్తా అన్న పేరునే 1816లో ఫ్రాన్సులో క్యువియే అనే జంతుశాస్త్రవేత్త శాస్త్రీయ నామంగా స్థిరపరిచాడు. అంటే, విశాఖ రేవులో తట్ట దించిన ఎవరో బెస్తవాడు చెప్పిన మాటను ప్రపంచమంతా రాస్తుంటే, తెలుగువాడినై, పంతులునై ఉండి నేను దాన్ని లాటిన్ అని చెప్పాను. నాకు సంతోషం ఎంత కలిగిందో, సిగ్గు అంతకు రెట్టింపు కలిగింది. సోమవారం తరగతిలో ఒప్పుకున్నాను. వెనుక బెంచీ నుంచి ఒకడు, “సార్, మిగతావి కూడా ఒకసారి చూసుకోండి” అన్నాడు. వాడిలో నాకు నువ్వే కనిపించావు.

ఇంకొక అవమానం కూడా రాయాలి. ఇరవై చేపలను థర్మోకోల్ పెట్టెలో మంచు పోసి రైలెక్కించాను. మంచు కరిగితే ఈ చేపను వాసన రాకపోయినా తినవద్దని ముసలాయన మరీ మరీ చెప్పాడు. అది నిజమే, వెచ్చదనానికి దీని కండలో హిస్టమిన్ అనే పదార్థం పుడుతుంది, ఎంత ఉడికించినా పోదు, ఒళ్లంతా ఎర్రబడి దద్దుర్లు లేస్తాయి. బండి నాలుగు గంటలు ఆలస్యం. ఇంట్లో పెట్టె తెరిచేసరికి గోరువెచ్చటి నీళ్లు. చింతపండు నానబెట్టి, పులుసుకు ఉల్లిగడ్డలు కోసి కూర్చున్న మా ఆవిడ, నేను వాటిని నిమ్మచెట్టు కింద పూడ్చిపెడుతుంటే చూసిన చూపు ఈ ఉత్తరంలో పట్టదు.

వేసవి సెలవుల్లో వస్తే నిన్ను తీసుకుపోదామనుకున్నాను, కానీ ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు అక్కడ ఇంజను పడవలకు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమట. కాబట్టి మార్చిలోనే సెలవు అడుగు. ఈలోగా ఒక పని చెయ్యి. ఈ చేప మీ వైపు సముద్రంలోనూ ఉంటుంది, ముళ్ల చేపలని నువ్వు కిందటిసారి తిట్టిపోసినవి ఇవేనేమో, మార్కెట్లో ఒకదాని మొప్ప ఎత్తి చూసి, లోపల

కారు వచ్చింది, హారన్ కొడుతున్నాడు. పచ్చడి సీసా మూత బిగించానో లేదో కూడా

నీ
కొర్రమట్ట