పాత బట్టల మూటలు ఇక చాలు

సంపాదకుల వారికి,

కరీబియన్ దీవుల్లో మెలిస్సా తుపాను బాధితుల కోసం ఇక్కడ న్యూయార్క్‌లో తెలుగువాళ్ళు సేకరించిన బట్టల మూటల ఫొటో ఆ మధ్య మీ ఎన్నారై పేజీలో చూశాను. ఆ మూటల్లో ఒకటి నాదే. అందుకే ఈ ఉత్తరం.

నేను బ్రూక్లిన్‌లో ఫార్మసిస్టుని. మా పక్కనే ఉన్న ఫ్లాట్‌బుష్‌లో కొంత భాగాన్ని 2018 నుంచి లిటిల్ హైతీ అంటున్నారు. హైతీ అంటే ఆ కరీబియన్ దేశాల్లో ఒకటి. నాతో పనిచేసే ఒక హైతీ ఆవిడకి అరవై దాటాయి. మనం పిన్నీ అన్నట్టు అందరూ ఆమెని ‘తాంత్’ అంటారు. శనివారం వస్తే చర్చి సెల్లారులో, హైతీలోని తమ ఊరి కోసం పెట్టుకున్న సంఘం పని చూస్తుంది. జీతాల్లేవు, ఆఫీసు లేదు. పదిహేను మంది ఆడవాళ్ళు, ఇద్దరు టాక్సీ డ్రైవర్లు, ఒక నోటుబుక్కు, అంతే. మా మూటలు చివరికి చేరింది అక్కడికే. ఏరడానికి సాయం వస్తావా అంటే వెళ్ళాను.

మొదటి మూట విప్పితే ఉన్ని కోటు. హైతీలో ఉన్ని కోటు ఎవరికి? తర్వాత పిల్లల బూటు, ఒక్కటే. ఆ తర్వాత జరీ అంచు చీర, ఎవరి సీమంతానిదో. తాంత్ దాన్ని రెండు చేతులా పైకెత్తి చూసి, “బావుంది. ఎలా కట్టుకోవాలి?” అని నన్నడిగింది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ సిగ్గేసింది. మూడు గంటలు ఏరితే పనికొచ్చినవి సగం డ్రమ్ముకి కూడా రాలేదు.

ఆ నీలం ప్లాస్టిక్ డ్రమ్ము సంగతి చెప్పాలి. ఇక్కడ నేను చూసిన కరీబియన్ ఇళ్ళల్లో చాలావాటిలో ఓ మూల అది ఉంటుంది. నూనె, సబ్బులు, డబ్బా చేపలు, నోటుపుస్తకాలు ఒక్కొక్కటే వేసుకుంటూ నెలల తరబడి నింపి ఓడకెక్కిస్తారు. కిరాయి డ్రమ్ముకి కాబట్టి నా కోటు కూర్చున్న చోట సబ్బులు పట్టవు. పైగా 2024 నవంబరులో విమానాలకి తుపాకీ గుళ్ళు తగిలాక అమెరికా విమానాలు రాజధాని పోర్ట్ ఓ ప్రిన్స్‌కి వెళ్ళడం మానేశాయి. రాజధాని నుంచి బయటికొచ్చే రోడ్ల మీద ముఠాల రాజ్యం. అందుకే ఈ సంఘం వస్తువులు తగ్గించి, ఊళ్ళో ఉన్న టీచరుకి డబ్బే పంపుతోంది.

మెలిస్సా 2025 అక్టోబరు 28న గంటకు 295 కిలోమీటర్ల గాలితో తాకింది జమైకాని. హైతీ మీదుగా తుపాను వెళ్ళనేలేదు. అయినా వానకి నది పొంగి ఒక్క పెటిట్ గోవ్ పట్టణంలోనే 20 మందికి పైగా పోయారు. ఆ వారం ఊరివాళ్ళు ఫోన్ చేసి అడిగింది తాగే నీళ్ళలో వేసే క్లోరిన్ బిళ్ళలు, ఇంటి పైకప్పు రేకులు. బట్టలు ఎవరూ అడగలేదు. క్లోరిన్ ఎందుకో మందుల షాపుదాన్ని, నాకు చెప్పక్కర్లేదు. 2010లో ఐక్యరాజ్య సమితి శాంతి సైనికుల శిబిరం నుంచి కలరా పాకి పదివేల మంది దాకా చనిపోయారు. సమితి క్షమాపణ చెప్పడానికి ఆరేళ్ళు పట్టింది.

ఉచితంగా వచ్చేవీ చవగ్గా వచ్చేవీ ఆ దేశాన్ని ముందే దెబ్బతీశాయి. అమెరికా పాత బట్టల్ని అక్కడ ‘పెపె’ అంటారు. సంతల నిండా అవే, ఇక టైలరు దగ్గరికి ఎవరు వెళ్తారు? బియ్యం కథా అంతే. మనకి గోదావరి డెల్టా ఎలాగో వాళ్ళకి ఆర్తిబొనీత్ లోయ అలాగ. 1990ల్లో దిగుమతి సుంకం 3 శాతానికి దించాక అమెరికా బియ్యం వచ్చిపడి అక్కడి వరి రైతు దెబ్బతిన్నాడు. అది పొరపాటేనని 2010లో, అప్పటి అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటనే సెనెట్ కమిటీ ముందు ఒప్పుకున్నాడు.

సంఘానికి డబ్బు ‘సోల్’ పద్ధతిలో చేరుతుంది. మన చీటీలాంటిదే, పాట ఉండదు, వంతులవారీగా తీసుకుంటారు. వంతు వచ్చినవాళ్ళు కొంత ఊరికి తీస్తారు. నోటుబుక్కులో రేకులకెంత, మేకులకెంత, మోసిన మనిషికెంత అన్నీ ఉంటాయి. రసీదు ఫొటో వాట్సాప్‌లో రాకపోతే తాంత్ ఊరుకోదు. 2026 జనవరి 1 నుంచి అమెరికా నుంచి బయటి దేశాలకి నగదుగా పంపేవాళ్ళ మీద 1 శాతం పన్ను కూడా పడింది. బిల్లులో ముందు 5 శాతం అన్నప్పుడు మన పత్రికల్లో ఎంత టెన్షనో! బ్యాంకు ఖాతాల నుంచి పంపే మనకి తగలదని తేలగానే ఆ గోల సద్దుమణిగింది. జీతం చేతికి నోట్లలో అందేవాళ్ళు మాత్రం కడుతున్నారు.

మన సంఘాల పెద్దలకి నా మనవి ఒకటే. ఈసారి తుపాను వస్తే ముందు ఇలాంటివాళ్ళకి ఫోన్ చేసి ఏం కావాలో అడగండి, అడిగింది డబ్బైతే డబ్బే ఇచ్చి లెక్క చూపించమనండి. సంపాదకులు గారూ, మీరూ మూటల ఫొటో పక్కన ఆ లెక్క కూడా అచ్చు వేయండి.

చీర ఇప్పుడు సెల్లారులో బల్ల మీద దుప్పటి అయింది. కోటు నేను వెనక్కి తెచ్చేసుకున్నాను.

– ఒక పాఠకురాలు, బ్రూక్లిన్, న్యూయార్క్