పడుతున్నాయి కనుకనే తేలుతున్నాయి

సంపాదకులకు నమస్కారం.

2025 జూన్‌లో శుభాంశు శుక్లా అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రానికి వెళ్లినప్పటి నుంచి, గగన్‌యాన్ ప్రస్తావన వచ్చినప్పుడల్లా, ‘అక్కడ భూమి ఆకర్షణ ఉండదు కనుక వస్తువులు తేలుతాయి’ అనే మాట పత్రికల్లోనూ టీవీల్లోనూ పదే పదే వస్తోంది. ఇది పొరపాటు. పిల్లలు దీన్నే పరీక్షల్లో రాస్తున్నారు. వారికి భౌతికశాస్త్రం చెప్పేవాడిగా ఈ ఉత్తరం రాయక తప్పలేదు.

ఆ కేంద్రం సుమారు 400 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతోంది. భూమి వ్యాసార్ధమే దాదాపు 6,400 కిలోమీటర్లు కాబట్టి అక్కడి ఆకర్షణ నేల మీది దానిలో 90 శాతానికి దగ్గరగానే ఉంటుంది. నెల్లూరులో అంత ఎత్తు స్తంభం కట్టగలిగితే, దాని కొసన బరువు చూసుకునే మిషన్ మీద నిలబడ్డ 60 కిలోల మనిషికి ముల్లు 53 దగ్గర ఆగుతుందే తప్ప సున్నాకు రాదు. ఆ పక్కగా సాగిపోయే అంతరిక్ష కేంద్రం నిజానికి పడుతూనే ఉంది. అయితే సెకనుకు ఏడున్నర కిలోమీటర్లకు పైగా వేగం ఉండటంతో, అది కిందికి వంగినంత మేరా గుండ్రటి భూమి కూడా వంగిపోతూ, ఎన్నటికీ అందదు. కేంద్రం, అందులోని మనిషి, ఆయన చేతిలోని కలం అన్నీ ఒకే తీరున పడుతున్నప్పుడు ఒకదాన్నొకటి నొక్కవు. ఆ ఒత్తిడి లేకపోవడమే భారరహిత స్థితి.

దీన్ని ఏ బడిలోనైనా చూపవచ్చు. ప్లాస్టిక్ సీసా అడుగున పక్కగా చిన్న రంధ్రం చేసి, దాన్ని వేలితో మూసి నీళ్లు నింపి, మూత తీసి పట్టుకుంటే, వేలు తీయగానే ధార కడుతుంది. అలాగే మిద్దె మీద నుంచి వదిలేస్తే, నేల తాకేదాకా చుక్క కారదు. పైకి ఎగరేసినా, చెయ్యి విడిచిన క్షణం నుంచే ధార ఆగిపోవడం చూసి పిల్లలు నమ్మలేకపోతారు. ఆ క్షణంలో కావలిలో భూమి ఆకర్షణ మాయమైందని ఎవరూ అనరు కదా.

బరువు తెలియకపోయినా ద్రవ్యరాశి ఎక్కడికీ పోదు. నిండు గ్యాస్ సిలిండర్ అక్కడ చేతిలో తేలవచ్చు గానీ, అది వేగంగా వస్తున్నప్పుడు గోడకూ దానికీ మధ్య చెయ్యి పెడితే ఎముకలు విరుగుతాయి. కొవ్వొత్తి మంట సూదిగా లేవదు. వేడిగాలి పైకి పోదు కనుక నీలంగా, గుండ్రంగా ఉంటుంది. అదే కారణంగా నిద్రపోయే వ్యోమగామి వదిలిన ఊపిరి ముఖం చుట్టే చేరకుండా ఫ్యాన్లతో గాలిని కదిలిస్తూ ఉండాలి.

ఊహకు మరొకటి: భూమి 24 గంటలకు బదులు సుమారు 84 నిమిషాలకే తన చుట్టూ తాను తిరిగితే, భూమధ్యరేఖ మీది వస్తువులకు బరువే తెలియదు. ఆకర్షణ మాత్రం అంతే ఉంటుంది.

శ్రీహరికోట 2022లో తిరుపతి జిల్లాలోకి వెళ్లినా, రాకెట్ ఎగిరే వేళ మిద్దెలెక్కి చూడటం మా జిల్లా వాళ్లు మానలేదు. ఆ పిల్లలు చదివే వార్తలో ఈ పొరపాటు రాకుండా చూడాలనీ, విద్యా పేజీలో సీసా ప్రయోగాన్ని బొమ్మతో వేయాలనీ కోరుతున్నాను. మా విద్యార్థులు ఫోన్‌లో స్లోమోషన్‌లో తీసిన వీడియో ఉంది, అడిగితే పంపుతాను.

భవదీయుడు,
ఒక భౌతికశాస్త్ర ఉపాధ్యాయుడు,
కావలి, నెల్లూరు జిల్లా.